సవ్తా దాచుకునే రొట్టె: పారేయమంటుంది కూతురు, ఉండనీమంటాడు కొడుకు

ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. జగిత్యాల వైపు నుంచి వెళ్లి అక్కడ కేర్‌గివర్‌గా పనిచేస్తున్నారు. ఆమె చూసుకుంటున్నది 94 ఏళ్ల యూదు పెద్దావిడను. మనవలు పిలిచినట్టే ఈమె కూడా ఆవిడను ‘సవ్తా’ అనే పిలుస్తారు, అంటే అమ్మమ్మ లేదా నానమ్మ. సవ్తా పుట్టింది పోలండ్‌లోని లోడ్జ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ జర్మన్లు యూదుల్ని బంధించి ఉంచిన అక్కడి పేటలో, అంటే ఘెట్టోలో, ఆ తర్వాత వాళ్లదే ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఆవిడ చిన్నతనం గడిచింది. ఆవిడ నోటితో ఎప్పుడూ చెప్పలేదు, కొడుకు చెబితే తెలిసింది. ఇక ఉత్తరంలోని మాటలు:

“కిందటి నెల బీరువా సర్దుతుంటే స్వెటర్ల మడతల మధ్య పేపర్ న్యాప్‌కిన్లలో చుట్టిన బ్రెడ్ ముక్కలు దొరికాయి. కొన్ని అట్టల్లా ఎండిపోయాయి, కొన్నింటికి పచ్చగా బూజు పట్టింది. వాకర్‌కు తగిలించిన సంచిలో ఉడికించిన గుడ్డు కూడా ఉంది. కూతురు చూసి, ‘అమ్మ పడుకున్నాక అన్నీ తీసి పారెయ్’ అంది. అట్లనే చేసిన. రాత్రి రెండింటికి సవ్తా లేచి బట్టలన్నీ కింద పోసి వెతికింది, నన్ను దొంగ అంది. కొడుకేమో ‘ఉండనీ, ఎవరికేం నష్టం’ అంటాడు. గదినిండా చీమలు. ఆమెకు షుగర్ ఉంది. మూడు వారాల్లో పస్కా పండుగ, అప్పుడు ఇంట్లో రొట్టె తునక కూడా ఉండొద్దంట. ఇంకో సంగతి, నేను శనివారం ఒక్కపొద్దు ఉంటాను. సరిగ్గా ఆ రోజే అందరూ భోజనానికి వస్తారు. నేను తినకపోతే సవ్తా ఏడుస్తుంది. మామూలు రోజుల్లో నా ప్లేట్లో ఏదన్నా మిగిలితే కోప్పడి, అది తనే తింటుంది. పని పోతుందేమోనని భయమైతుంది. నేను ఎవరి మాట వినాలి?”

అమ్మా, ‘దొంగ’ అన్న మాట మీకు ఎంత గుచ్చుకుందో ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ముందు దాని సంగతే చూద్దాం. సవ్తా ఆ రొట్టెలు చాలావరకు తినడం లేదు. ఎండి అట్టలయ్యాయని మీరే రాశారు. ఆకలేస్తే వంటింట్లో తాజా బ్రెడ్ ఉందని ఆవిడకు తెలుసు. ఆవిడకు కావలసింది చెయ్యి చాపితే అందేచోట, వేరెవరికీ కనిపించనిచోట ఒక ముక్క ఉందన్న భరోసా. అది మాయమైన రాత్రి ఆవిడ వెతికింది ఆ భరోసా కోసమే.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో తెలిస్తే మీ పని కొంత తేలికవుతుంది. లోడ్జ్ ఘెట్టోను 1940 ఏప్రిల్ 30న మూసేశారు. లక్షా అరవై వేల మందికి పైగా లోపల ఉండిపోయారు. బయటినుంచి దొంగచాటుగా తిండి తెచ్చుకునే దారి కూడా దాదాపు లేదు. జర్మన్ అధికారులు పంపిందే తిండి. ఒక దశలో మనిషికి రెండు కిలోల రొట్టె ఇచ్చి ఎనిమిది రోజులు సరిపెట్టుకోమన్నారు. రోజుకు పావుకిలో అన్నమాట. ఆగలేక నాలుగు రోజుల్లోనే తినేస్తే మిగతా నాలుగు రోజులూ నీళ్లలాంటి సూపే గతి. అందుకని ఒకే ఇంట్లో ఎవరి రొట్టె వాళ్లు గుర్తు పెట్టుకుని, తూచుకుని, దాచుకున్నారు. ఆలుగడ్డ తొక్కలు ఏరుకుని రొట్టెల్లా కాల్చుకున్నారు. ఆ ఘెట్టోలో ఆకలికీ రోగాలకూ 40 వేల మందికి పైగా చనిపోయారు.

1944 ఆగస్టులో మిగిలినవాళ్లలో ఎక్కువమందిని ఆష్విట్జ్‌కు తరలించారు. అక్కడ సాయంత్రం సుమారు 300 గ్రాముల నల్ల రొట్టె, దాంతో కాస్త మార్జరిన్ లాంటిది ఇచ్చేవారు. పొద్దున్నకు కూడా అదే. కానీ ఆ ఆకలికి రాత్రే అయిపోయేది. ఎవరైనా సగం మిగుల్చుకుంటే తల కిందో, బట్టల్లోనో పెట్టుకుని పడుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి ఉండదు. సాటి ఖైదీ రొట్టె దొంగిలించడాన్ని మించిన తప్పు వాళ్లలో వాళ్లకు లేదు. ఇప్పుడు ఆ అర్ధరాత్రి రెండు గంటల సంగతి మళ్లీ చూడండి. సవ్తా మిమ్మల్ని దొంగ అన్నప్పుడు ఎదురుగా ఉన్నది మీరే అయినా, ఆవిడ మనసులో ఉన్నది ఆ చోటు.

ఆకలికి ఇంత పట్టు ఉంటుందా అని ఎవరైనా అడిగితే ఇది చెప్పండి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, తామే ఒప్పుకుని, ఆరు నెలలపాటు సగం తిండితో గడిపారు. చంపేస్తారన్న భయం లేదు, ఎప్పుడు అయిపోతుందో తేదీతో సహా తెలుసు. అయినా పళ్లేలు నాకారు, ఎప్పుడూ వంటల గురించే మాట్లాడుకున్నారు, కొందరు వంటల పుస్తకాలు పోగేశారు. మీ సవ్తా అప్పటికి ఎదిగే వయసు పిల్ల.

బతికి బయటపడ్డవాళ్లంతా ఇలాగే ఉంటారని కాదు. బీరువా నిండా డబ్బాలు పేర్చేవాళ్లున్నారు, పాచి వాసన వస్తే చాలు అన్నీ విసిరేసేవాళ్లున్నారు. శిబిరాల్లో టర్నిప్ సూపు తాగినవాళ్లలో ఆ వాసనే పడనివాళ్లున్నారు. సవ్తా దేనికి మొహం తిప్పుకుంటారో గమనించి, అది వండటం మానేయండి. కారణం అడగొద్దు. ఆవిడే చెబితే వినండి.

ఒక్కటి మాత్రం కొడుకునో కూతుర్నో అడిగి తెలుసుకోవాలి. ఈ దాచుకోవడం ఎప్పటినుంచీ ఉన్నదా, ఈ మధ్యనే మొదలైందా? ఎప్పటినుంచో ఉండి ఇప్పుడు ఎక్కువైతే, మతిమరుపు వచ్చి దగ్గరి సంగతులు చెరిగిపోయి పాతవి పైకి వస్తున్నాయేమో. అసలు లేనిది రెండు మూడు నెలల్లోనే మొదలైతే డాక్టరుకు చెప్పి తీరాలి. షుగర్ పడిపోవడం, ఒంట్లో ఇన్ఫెక్షన్, కొత్త మందు, ఏదైనా కావచ్చు.

ఇప్పుడు కూతురి సంగతి. ఆవిడకు డెబ్బై దాటాయంటే పుట్టింది 1950ల మొదట్లో. ఇజ్రాయెల్‌లో 1949 నుంచి 1959 వరకు రేషన్ ఉండేది. కూపన్ పుస్తకాలు, గుడ్ల బదులు గుడ్ల పొడి. బియ్యం దొరక్కపోతే 1953లో గోధుమపిండితో బియ్యపు గింజల్లా ఒకటి తయారుచేశారు. మీరు ఆ ఇంటి పిల్లలకు వండిపెట్టే ప్తితిం అదే. ఇలాంటి ఇళ్లలో చాలామంది పిల్లలకు పళ్లెం ఖాళీ చేసేదాకా లేవడానికి వీల్లేదు. వద్దంటే అమ్మ ఏడ్చేది, లేకపోతే ఆ తిండి మళ్లీ రాత్రికి వచ్చేది. ఆ బూజు రొట్టె చూస్తే మీకు బూజే కనిపిస్తుంది. కూతురికి చిన్నప్పటి భోజనాల బల్ల మొత్తం కనిపిస్తుంది. అందుకే ‘పారెయ్’ అనే మాట అంత గట్టిగా వస్తుంది. ఆవిడను రాతిగుండె అనుకోకండి.

మీ ముందున్న దారుల్లో మొదటిది కూతురు చెప్పింది. అది చేసి చూశారు, ఏమైందో చూశారు. మళ్లీ చేస్తే సవ్తా దాచడం మానరు, మీకు దొరకనిచోట దాస్తారు. పరుపు కవరులో, బూట్లలో, హీటర్ వెనక. నిద్ర పోతుంది, మీ చేతిమీది నమ్మకం పోతుంది. ఆ తర్వాత మీరిచ్చే మందులు కూడా అనుమానంగా చూస్తారు. కొడుకు చెప్పినట్టు వదిలేస్తే గొడవ ఉండదు. కానీ ఈ వయసులో పాడైన గుడ్డు, చీజ్, కోడిమాంసం తింటే ఆసుపత్రి దాకా పోవచ్చు. చీమల తర్వాత బొద్దింకలు వస్తాయి. షుగర్ లెక్క తప్పుతుంది. మూడోది కాస్త శ్రమ. దాచుకోవడం ఆవిడది, దాచింది తాజాగా ఉంచడం మీది. నా మొగ్గు దీనివైపే. ఎలా చేయాలో చెబుతాను.

మూత ఉన్న బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తీసుకోండి. ఎక్కడ పెట్టాలో సవ్తానే చూపించమనండి. మీకు నచ్చినచోట పెడితే అది మీ డబ్బా అవుతుంది. అందులో మూడు నాలుగు బ్రెడ్ ముక్కలు, ఆవిడ వాడే అవే న్యాప్‌కిన్లలో, ఆవిడ మడిచినట్టే మడిచి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు. సముద్రం పక్క ఊరు కాబట్టి లోపల చెమ్మ నిలిచి త్వరగా బూజు పడుతుంది. కాగితంలో ఉంటే బ్రెడ్ ఎండుతుందే గాని బూజు తొందరగా రాదు. మూత కూడా మరీ బిగుతుగా ఉండకూడదు. రెండు రోజులకోసారి మార్చండి. మార్చేటప్పుడు ముందు కొత్తది చేతిలో పెట్టాలి, ఆ తర్వాతే పాతది తీసుకోవాలి. ఈ వరస తిరగబడితే అంతా మొదటికొస్తుంది. ఒక్క క్షణం చేయి ఖాళీ అయినా ఆవిడకు అది లాక్కోవడమే. చెప్పింది గుర్తుండని స్థితి అయితే ఆవిడ స్నానానికి వెళ్లే ముందో తర్వాతో మీరే మార్చేయండి. కానీ లెక్క తప్పకూడదు. నాలుగుంటే నాలుగే ఉండాలి. ఇలాంటివాళ్లు లెక్క మరిచిపోరు.

రస్కులు చేసి పెట్టినా మంచిదే. బ్రెడ్‌ను వేలి మందాన కోసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర సుమారు గంటసేపు, మధ్యలో ఒకసారి తిప్పి, పూర్తిగా ఎండేదాకా ఉంచాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, వేడిమీద మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడి బూజు వస్తుంది. సరిగా ఎండితే రెండు మూడు వారాలు ఉంటాయి. అయితే సవ్తాకు కట్టుడు పళ్లు ఉన్నా, తినేటప్పుడు పొలమారుతున్నా రస్కుల జోలికి పోవద్దు. రాత్రిపూట ఒంటరిగా నమిలితే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

బూజు పట్టిన ముక్కలో బూజు మేరకు కోసి మిగతాది ఉంచడం మన ఇళ్లలో అలవాటే, కానీ బ్రెడ్ గుల్లగా ఉంటుంది కాబట్టి పైకి కనిపించని బూజు లోపలికి పాకి ఉంటుంది. మొత్తం తీసేయండి. గుడ్డు, చీజ్, మాంసం, చేపలాంటివి గదిలో రెండు గంటలు దాటి ఉంటే అవీ అంతే, ఎండాకాలంలో గంటే. వాటికి ఫ్రిజ్‌లో సవ్తా పేరు రాసిన డబ్బా ఒకటి కేటాయించి, ఆవిడ చూస్తుండగా అందులో పెట్టండి. ఇల్లు కోషెర్ అయితే, అంటే మాంసాన్నీ పాల పదార్థాలనూ కలపకూడదన్న యూదుల ఆహార నియమాలు పాటిస్తే, మాంసానికీ చీజ్‌కూ డబ్బాలు వేరు.

తీసేసిన రొట్టెకు అక్కడ ఒక మంచి మర్యాద ఉంది, మీరు వీధిలో చూసే ఉంటారు. మిగిలిన బ్రెడ్‌ను చెత్తలో కలపకుండా కవర్లో కట్టి చెత్తకుండీ పక్కన తగిలిస్తారు, అవసరమైనవాళ్లో, పశువులకూ పక్షులకూ వేసేవాళ్లో తీసుకుంటారని. తినడానికి పనికొచ్చే రొట్టెను పాడుచేయకూడదన్నది యూదుల నియమం కూడా. నడకకు వెళ్లేటప్పుడు పాత ముక్కల సంచి సవ్తా వాకర్‌కే తగిలించి, ఆవిడ చేతే అక్కడ పెట్టించండి. పారేయడానికి ఒప్పుకోనివాళ్లు ఇవ్వడానికి ఒప్పుకుంటారు. బూజు పట్టింది మాత్రం అందులో కలపొద్దు, దాన్ని వేరే కవర్లో మూటగట్టి మీరే కుండీలో వేయండి.

షుగర్ గురించి జాగ్రత్తగా వినండి. సవ్తా అర్ధరాత్రి రెండు ముక్కలు తింటే పొద్దున రీడింగ్ ఎక్కువ వస్తుంది. అది చూసి డాక్టర్ మందు పెంచుతారు. తర్వాత ఒక రోజు మీరు రొట్టెలన్నీ తీసేస్తారు. మందు మాత్రం పెంచినంతే ఉంటుంది, తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు. పెద్దవయసువాళ్లకు ఎక్కువ షుగర్ కంటే ఇదే తక్షణ ప్రమాదం. కాబట్టి డబ్బాలో ఎన్ని పెట్టారో, పొద్దున ఎన్ని ఉన్నాయో నోట్‌బుక్‌లో రాసి, రీడింగ్ పక్కనే వేసి డాక్టరుకు చూపించండి. ఇన్సులిన్ గాని, షుగర్ పడేసే రకం మాత్రలు గాని వాడుతుంటే డాక్టర్ని అడగకుండా ఆ రొట్టె తగ్గించొద్దు. న్యాప్‌కిన్లు విప్పినప్పుడు లోపల మాత్రలు కూడా ఉన్నాయేమో చూడండి. దాచే అలవాటు ఉన్నవాళ్లు మందుల్నీ దాస్తారు.

ఇక మీ భోజనం. మీ ప్లేట్లో మిగిలేది కరివేపాకో మునక్కాడ పిప్పో అయినా, సవ్తాకు అది పారేస్తున్న తిండే. మీ కూరల్లో ఆకు సన్నగా తరిగి వేసుకోండి, నవ్వులాటగా అనిపించినా పని చేస్తుంది. చిన్న పళ్లెం తీసుకుని మీరే కొంచెం వడ్డించుకుని, ఆవిడ చూస్తుండగా మారు వడ్డించుకోండి. మీరు రెండోసారి పెట్టుకోవడం కంటే ఆవిడకు సంతోషం ఉండదు. మిగిలితే డస్ట్‌బిన్‌లోకి గీకొద్దు, డబ్బాలో పెట్టి ‘రేపటికి’ అని ఫ్రిజ్‌లో ఉంచండి. ఆలుగడ్డలు తొక్కతోనే ఉడికించండి, తొక్క చేతిలో పల్చగా వస్తుంది. అరలు బోసిగా కనిపించకుండా పప్పులు, పిండి, ప్తితిం గాజు సీసాల్లో పోసి ఎదురుగా పేర్చండి.

ఒక్కపొద్దు మీ మొక్కు, దాన్ని వదులుకోమని ఎవరూ అనకూడదు. ఉపవాసం సవ్తాకు కొత్త కాదు, యూదులకు యోమ్ కిప్పూర్ అనే ఉపవాస దినం ఉంది. కానీ అందరూ తింటున్న బల్ల దగ్గర ఒక మనిషి పస్తు కూర్చోవడం వేరు. ‘ఇవాళ నా ప్రార్థన రోజు, రాత్రికి తింటాను’ అని చెబితే జ్ఞాపకం బాగుంటే అర్థం చేసుకుంటారు, లేకపోతే ప్రతి శనివారం ఏడుపు మామూలే. మీ పద్ధతిలో పళ్లు తినొచ్చంటే, పళ్లెంలో ఖర్జూరం, అరటిపండు, బాదం పెట్టుకుని వాళ్లతోపాటే కూర్చుని నెమ్మదిగా తినండి. ఆవిడ కళ్లకు మీరు తింటున్నారు, అంతే చాలు. మాంసం వడ్డించే బల్ల అయితే పాలు, పెరుగు మాత్రం తేవద్దు. లేదంటే వాళ్లు రాని రోజుకు ఒక్కపొద్దు మార్చుకోవచ్చు. మనసు ఒప్పుకోకపోతే శనివారం మధ్యాహ్నం రెండు గంటలు మీకు సెలవివ్వమని కూతుర్ని అడగండి. ఇంటినిండా మనుషులుంటారు కదా.

పస్కాకు మూడు వారాలే ఉంది కాబట్టి ఇదే తొందర. పండుగ ముందురోజు అన్ని రొట్టెలూ ఒక్కసారి తీస్తే మీరు చూసిన రాత్రి మళ్లీ వస్తుంది, ఈసారి ఇంటినిండా చుట్టాల మధ్య. ఇప్పటినుంచే డబ్బాలో ఒక్కో బ్రెడ్ ముక్క తీసి ఒక్కో మత్సా ముక్క, అంటే పస్కాలో తినే పులియని రొట్టె, అదే న్యాప్‌కిన్‌లో పెడుతూ రండి. లెక్క అంతే ఉండాలి. పండుగకు ముందు కొన్ని రోజులు మత్సా తినని కుటుంబాలున్నాయి, అందుకని కూతుర్ని ముందే అడగండి. కూతురు ‘రొట్టె ఉండకూడదు’ అనడం, సవ్తా ‘రొట్టె ఉండాలి’ అనడం రెండూ తీరేది ఇలాగే. మత్సా పొడిగా ఉంటుంది, తినిపించేటప్పుడు సూపులో నానబెట్టండి, నీళ్లు ఎక్కువ తాగించండి, లేకపోతే పెద్దవాళ్లకు మలబద్ధకం రావచ్చు. పాత దాపులన్నీ ఒకే రోజు కాకుండా రోజుకో అర చొప్పున, సవ్తాను పక్కన కూర్చోబెట్టుకుని సర్దండి. అన్నట్టు, యూరప్ నుంచి వచ్చిన యూదుల ఇళ్లలో చాలావరకు ఆ వారం బియ్యం కూడా వండరు. మీ అన్నం సంగతి ముందే మాట్లాడుకోండి.

పస్కా అయిన వారానికి హోలోకాస్ట్ స్మారక దినం, అంటే నాజీలు చంపిన యూదులను తలచుకునే రోజు, వస్తుంది. ఉదయం పదింటికి దేశమంతటా రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది, టీవీలో రోజంతా అవే దృశ్యాలు. ఆ రెండు మూడు రోజులు దాచుకోవడం పెరగొచ్చు. పెరగనివ్వండి, డబ్బాలో రెండు ముక్కలు ఎక్కువ పెట్టండి.

పని పోతుందన్న భయం తీరాలంటే నిర్ణయం మీ చేతుల్లో ఉండకూడదు. అన్నాచెల్లెళ్ల మధ్య తీర్పరిగా దిగకండి. మిమ్మల్ని పెట్టిన ఏజెన్సీలో సోషల్ వర్కర్ ఉంటారు, దొంగ అన్న సంగతి ముందుగా వాళ్లకు మీ నోటే తెలియాలి. బతికి బయటపడ్డవాళ్లకూ వాళ్ల కుటుంబాలకూ మానసిక సాయం చేసే అమ్ఖా అనే సంస్థ 1987 నుంచి ఉంది, ఇళ్లకు వచ్చి కూడా మాట్లాడతారు. ఫోన్ చేయాల్సింది మీరు కాదు, కొడుకో కూతురో. సవ్తా రొట్టె ఎంత తాజాగా ఉన్నా మీ గదిలో పెట్టుకోకండి, అందులోంచి తినకండి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే దిండు కింద ఒక ముక్క ఉంటుందని నర్సుకు చెప్పి పెట్టండి.

ఈ వారమే ఫ్యామిలీ గ్రూపులో, ఇద్దరికీ కనిపించేలా, ఇంత రాస్తే చాలు: “సవ్తా గదిలో ఒక డబ్బాలో నాలుగు బ్రెడ్ ముక్కలు ఉంచి, రెండు రోజులకోసారి మారుస్తాను. గుడ్లు, మాంసం గదిలో ఉండనివ్వను. పస్కా లోపు బ్రెడ్ బదులు మత్సా పెడతాను. షుగర్ లెక్క రాస్తున్నాను, డాక్టరుకు చూపించాలి. మీ ఇద్దరికీ సరేనా?” ఇద్దరిలో ఒక్కరే సరే అంటే రెండోవాళ్ల జవాబు వచ్చేదాకా ఏదీ పారేయకండి. బూజు పట్టినవి, పాడైన గుడ్డు మాత్రం ఆగనక్కర్లేదు. ఫొటో తీసి గ్రూపులో పెట్టి, కొత్త ముక్క సవ్తా చేతికిచ్చి, అవి తీసేయండి.